ఉంచిన పాఠం

కాలేజీల్లో ఆవిడను లీవు మేడమ్ అనేవారు. ఎదురుగా కాదు లెండి, ఎదురుగా అందరూ బుద్ధిగా మేడమ్ అనే అనేవారు. ఆవిడ అటు తిరగ్గానే పేరుకి ముందు లీవు వచ్చి చేరేది. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో తెలియదు గానీ తప్పు పేరు మాత్రం కాదు. వృక్షశాస్త్రం చెప్పే లెక్చరర్లలో ఎవరికైనా కాన్పు వచ్చినా, కాలు విరిగినా, పై చదువుకని సెలవు పెట్టినా, ఆ కుర్చీ ఖాళీగా ఉన్నన్నాళ్ళు పాఠాలు చెప్పడానికి ఆవిడను పిలిచేవారు. కుర్చీ గల మనిషి తిరిగి రాగానే ఆవిడ సంచీ సర్దుకునేది. ఇరవై ఏళ్ళుగా ఇదే ఉద్యోగం. ఉద్యోగం అనొచ్చో లేదో కూడా ఆవిడకి ఎవరూ గట్టిగా చెప్పలేదు.

ఏ కాలేజీ నుంచి ఫోను వచ్చినా వాళ్ళమ్మ మంచం మీద నుంచే, "ఈసారి ఎవరికి బాగాలేదే?" అని అడిగేది. మొదట్లో ఇద్దరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. పోనుపోనూ అమ్మ ఒక్కతే నవ్వేది. రెండేళ్ళ కిందట ఆ అమ్మ పోయింది. తమ్ముడు వచ్చి, చేయాల్సినవన్నీ చేసి, "అక్కా, నువ్వు కూడా మా ఇంటికి వచ్చెయ్యరాదా" అని గుమ్మం దాకా వెళ్ళాక అడిగాడు. గుమ్మం దాకా వెళ్ళాక అడిగే మాటకి ఏం జవాబు చెప్పాలో ఆవిడకి తెలుసు.

ఆవిడ పనితనమంతా ఒక్క ప్రశ్నలో ఉండేది. కొత్త క్లాసులోకి వెళ్ళగానే పేరు చెప్పుకోవడం, ఊరు చెప్పుకోవడం ఏమీ లేకుండా, "ఎక్కడ ఆపారు?" అని అడిగేది. పిల్లలు ఓ పేజీ చూపించేవారు. ఆ పేజీలోని ఆ వాక్యం దగ్గర నుంచి, నిన్న సాయంత్రం తానే ఆపినట్టుగా అందుకునేది. అతుకు కనపడేది కాదు. అదేమంత చిన్న విద్య కాదు, ప్రయత్నించినవాళ్ళకి తెలుస్తుంది. కానీ ఆ విద్య మూలంగా ఏ పుస్తకమూ మొదటి పేజీ నుంచి చెప్పింది లేదు, చివరి పేజీ దాకా చెప్పింది లేదు. పరీక్షలైపోయి పిల్లలు లెక్చరర్లను మధ్యలో కూర్చోబెట్టుకుని ఫొటోలు దిగే రోజున ఆవిడ ఏ కాలేజీలోనూ లేదు.

స్టాఫ్ రూములో కూర్చునే తీరు కూడా అలాగే ఉండేది. కుర్చీలో వేరేవాళ్ళ దిండు ఉంటే దాన్ని జరిపేది కాదు, దాని ముందు మిగిలిన జాగాలో సర్దుకునేది. సొరుగుకి తాళం ఉండేది, తాళంచెవి సెలవులో ఉన్నవాళ్ళ దగ్గర ఉండేది. టిఫిను డబ్బా సంచీలో, సంచీ ఒళ్ళో పెట్టుకునేది.

ఈసారి పిలిచిన కాలేజీ ఊరి చివర ఉంది. మూడంతస్తుల భవనం, పై అంతస్తులో బోటనీ ల్యాబు. అక్కడి మాస్టారికి గుండె ఆపరేషను అయింది. ఏడాది చివర్న ఆయన ఎలాగూ రిటైరవుతారు. ప్రిన్సిపాల్ ఆవిడను కూర్చోబెట్టి, గొంతు తగ్గించి, "ఆయన తిరిగి వచ్చేది అనుమానమేనమ్మా. ఈ ఏడాది నెట్టుకొస్తే ఆ పోస్టు మీకే వచ్చేలా నేను రాస్తాను" అన్నాడు. పోస్టు అన్న మాట విని ఆవిడకి సంతోషం కలిగింది. అది ఎవరి గుండె మీద నిలబడి ఉందో వెంటనే గుర్తొచ్చి సిగ్గు కూడా కలిగింది. రెండూ నిజమే.

అద్దెకి తీసుకున్న గది ఒక కుట్టుమిషను కొట్టు మీద ఉంది. పగలంతా కింద మిషన్ల చప్పుడు. చీకటి పడుతుండగా దర్జీ షట్టరు దించేవాడు, అంతటితో ఇల్లంతా నిశ్శబ్దం అయిపోయేది. మొదటి రోజు ఆ షట్టరు దిగిన కాసేపటికే ఫోను మోగింది. తమ్ముడేమో అనుకుని తీసింది.

"మేడమ్‌గారా? నేనండీ, మీరు కూర్చున్న కుర్చీ తాలూకు మనిషిని."

గొంతు పల్చగా ఉంది, మధ్యమధ్యలో ఊపిరి కోసం ఆగుతోంది. అయినా అందులో ఏదో తమాషా వినపడింది. ఆవిడ కంగారుగా లేచి నిలబడింది. ఫోనులో లేచి నిలబడేవాళ్ళని చూసి నవ్వకండి, కొందరికి అలా అలవాటు.

"చెప్పండి మాస్టారూ. ఒంట్లో ఎలా ఉంది?"

"అది రోజూ పదిమంది అడుగుతున్నారు గానీ, ఈరోజు పాఠం ఎంతవరకు వచ్చింది?"

ఆవిడ చెప్పింది. పుప్పొడి తిత్తి గోడలో మూడో పొర దాకా వచ్చింది, నాలుగోది రేపు. ఆయన "ఊఁ" అన్నారు, ఎంతో ఇష్టమైనది తింటున్న మనిషిలాగా. చివర్లో కాస్త మొహమాటపడుతూ ఒక మాట అడిగారు.

"అన్నీ చెప్పేయండి మేడమ్, నాకేం అభ్యంతరం లేదు. ద్విఫలదీకరణం ఒక్కటి మాత్రం నాకు ఉంచండి."

ఆవిడకి విడమరిచి చెప్పనక్కర్లేదు. సెలవు మీద వెళ్ళే లెక్చరర్లలో ఇదో మర్యాద. ప్రతివాళ్ళకీ ప్రాణమైన పాఠం ఒకటి ఉంటుంది. దాన్ని ఉంచమని అడిగితే, బదులు వచ్చినవాళ్ళు ఆ పాఠం ముట్టుకోరు, పక్కనుంచి దాటుకుని ముందుకు పోతారు. భోజనానికి రాని మనిషి కంచం మీద మూత పెట్టి ఉంచడం లాంటిదే. ఎక్కడా రాసి లేదు గానీ ఎవరూ తప్పరు. ఆవిడ కూడా ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ తప్పలేదు.

"ఉంచుతానండి" అంది.

ఆ పాఠం సంగతి ల్యాబు అటెండరు చెప్పాడు. పువ్వులో పుప్పొడి రేణువు నుంచి రెండు బీజాలు అండం దగ్గరికి వెళతాయి. ఒకటి అండంతో కలిసి పిండమవుతుంది. రెండోది కలిసేది వేరే చోట, అది ఆ పిండానికి ఆహారమవుతుంది. పుస్తకంలో ఇంతే ఉంటుంది. మాస్టారు ఆరోజు పుస్తకం తెచ్చేవారు కాదట. తెల్లారేసరికి తానే వెళ్ళి, రోడ్డు వారన పెరిగే గడ్డిచామంతి పూలు జేబురుమాలులో కోసుకొచ్చి, లేత గింజను గాజుపలక మీద పెట్టి, సూది వెనక భాగంతో ఒక్క నొక్కు నొక్కితే లోపలి పిండం చెక్కుచెదరకుండా జారి బయటికొచ్చేదట. ఆ తర్వాత పిల్లల వైపు తిరిగి, "సరే, వచ్చినవి రెండు. ఒకటి బిడ్డయింది. రెండోది ఏమైంది?" అని అడిగేవారట. ఎవరూ చెప్పలేకపోతే మురిసిపోయేవారట. "అదొక్కరోజూ సారు ఇస్త్రీ చొక్కా వేసుకొస్తారు మేడమ్" అన్నాడు అటెండరు.

మర్నాడు షట్టరు దిగగానే మళ్ళీ ఫోను. ఆ మర్నాడూ అంతే. ఎంతవరకు వచ్చిందని ఆయన అడగడం, ఉన్నది ఉన్నట్టు ఈవిడ చెప్పడం. తర్వాత తర్వాత మాటలు పాఠం గట్టు దాటి పొర్లాయి. మూడో మైక్రోస్కోపు మర ఇంకా బిగుసుకునే ఉందా? చివరి బెంచీ కుర్రాళ్ళు ఇంకా ఈలలు వేస్తున్నారా? "నా కుర్చీ కిర్రుమంటుంది, వెనక్కి వాలకండి" అనేవారు. తాను వాలడమే లేదని ఈవిడ చెప్పలేదు.

కొన్నాళ్ళకి ఆవిడ ఒక కొత్త అలవాటులో పడింది. షట్టరు దిగే వేళకి ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చునేది. ఫోనులో ముఖం కనబడదని తెలియనంత అమాయకురాలేం కాదు. లేనిపోనివి ఊహించుకోకండి, ఆయనకి ఆవిడ తండ్రి వయసు. రోజు మొత్తంలో ఆవిడ కోసం మోగేది అదొక్కటే, దానికి తయారవకుండా ఎలా ఉంటుంది? క్లాసులో ఏదైనా తమాషా జరిగితే, "ఇది సాయంత్రం చెప్పాలి" అని దాచుకునేది. అమ్మ పోయాక ఏదీ దాచుకోవాల్సిన పని పడలేదు.

పాఠాలు మాత్రం ఆగవు కదా. వారం వారం ఆ ఉంచిన పాఠం దగ్గరపడింది. ఆయనేమో, "డాక్టరు ఇంకో నెల అంటున్నాడు" అనేవారు. నెలయ్యాక మళ్ళీ ఇంకో నెల. ఆవిడ పుప్పొడి దగ్గరే రెండు వారాలు చుట్టూ చుట్టూ తిరిగింది. ఒక బొమ్మనే రంగులు మార్చి రెండుసార్లు వేయించింది. ఆ పాఠాన్ని దాటి తర్వాతి పాఠాల్లోకి కూడా పోయింది. మధ్యలో ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది.

అప్పుడు విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రాక్టికల్ పరీక్షలు ముందుకు జరిపారు. బయటి కాలేజీ నుంచి పరీక్షకుడు వస్తాడు, గింజలోంచి పిండాన్ని తీసి చూపించమంటాడు. ముందు బెంచీ అమ్మాయి, క్లాసు మొత్తానికీ నోరు లాంటిది, లేచి నిలబడింది.

"మేడమ్, ఆ పాఠం ఎప్పుడు చెబుతారు?"

"అది మాస్టారు వచ్చి చెబుతారమ్మా."

"మాస్టారు పరీక్షలోపు రాకపోతే?"

ఆవిడ హాజరు పట్టీ వైపు చూసింది. అరవైమంది పిల్లలు. అందులో సగంమంది ఫీజు కట్టడానికే ఇళ్ళలో నానా తిప్పలూ పడి వచ్చినవాళ్ళు. వాళ్ళ మార్కులు పోగొట్టి మర్యాద నిలబెట్టుకోవడం ఏం మర్యాద? ఆ రాత్రి తనలో తానే వాదించుకుని, తానే ఓడిపోయి, మర్నాడు మొదటి గంటలో ఆ పాఠం చెప్పేసింది. బాగా చెప్పింది. గడ్డిచామంతి పూలు తానే కోసుకొచ్చింది. మొదటి మూడు గింజలూ చితికిపోయాయి. నాలుగోదాంట్లోంచి పిండం నిగనిగలాడుతూ జారింది. పిల్లలు మైక్రోస్కోపు చుట్టూ మూగి తోసుకున్నారు. ఒక పాఠాన్ని ఎవరి అతుకూ లేకుండా మొదటి నుంచి చివరి దాకా తానే చెప్పడం ఎంత బాగుంటుందో ఆరోజు తెలిసింది. ఆ సంతోషమే తర్వాత ఆవిడను ఎక్కువ బాధపెట్టింది.

సాయంత్రం చెప్పేద్దామనే అనుకుంది. మాటలు కూడా కూర్చుకుంది. పరీక్షలు ముందుకొచ్చాయి మాస్టారూ, తప్పలేదు, క్షమించండి. షట్టరు దిగింది. ఫోను మోగింది. ఆరోజు ఆ గొంతులో తమాషా లేదు.

"ఏమిటోనండి, నాలుగడుగులు వేస్తే కూలబడిపోయాను ఇవాళ. మావాళ్ళు ఏం ఫర్వాలేదంటున్నారు." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "ఆ పాఠం ఇంకా అక్కడికి రాలేదు కదా?"

"రాలేదండి. ఇంకా చాలా ఉంది" అంది ఆవిడ.

నాలుక చివర నుంచి జారిపోయిన మాట. వెనక్కి తీసుకోవాలంటే అదే క్షణంలో తీసుకోవాలి. అవతల ఆయన, "అమ్మయ్య" అన్నారు. ఇంక ఏం తీసుకుంటుంది?

ఆరోజు నుంచి ఆవిడకి రెండు సిలబస్‌లయ్యాయి. ఒకటి క్లాసులో నడిచేది, ఇంకోటి ఫోనులో నడిచేది. ఫోను సిలబస్ నత్తనడక నడిచేది. "ఇవాళ కరెంటు పోయిందండి, సగమే అయింది." "ఇవాళ పిల్లలు సగంమంది రాలేదండి." ఇరవై ఏళ్ళుగా ఎక్కడ ఆగిందో ఖచ్చితంగా గుర్తుపెట్టుకోవడం తప్ప వేరే గొప్ప లేని మనిషి, ఒకరోజు క్లాసులో నిలబడి ఫోను పాఠం అందుకుంది. ముందు బెంచీ అమ్మాయి, "మేడమ్, అది ఎప్పుడో అయిపోయింది" అంటే చివరి బెంచీ నుంచి ఈల వినపడింది. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. ఫోను మోగుతుంటే ఇదివరకటి సంతోషం కూడా ఉండేది కాదు. మోగకపోతే ఏమైపోతుందో అన్న భయం మాత్రం ఎక్కువైంది. నిజం చెబితే ఆయన నొచ్చుకుని ఫోను చేయడం మానేస్తారు. ఇంతే ఆవిడ భయం. పోస్టు సంగతి కూడా ఎప్పుడో గానీ గుర్తొచ్చేది కాదు.

ఒక ఆదివారం ఆయన గొంతు మళ్ళీ తేలిగ్గా వినపడింది.

"మేడమ్‌గారూ, రేపు వస్తున్నాను. డాక్టరు ఒక్క గంటకి ఒప్పుకున్నాడు. మావాడు కారులో దింపుతాడు. ఆ పాఠం ఒక్కటీ చెప్పి వెళ్ళిపోతాను. సరిగ్గా అక్కడికే వచ్చాం కదా?"

ఫోను లెక్క ప్రకారం సరిగ్గా అక్కడికే వచ్చారు. "అక్కడికే వచ్చామండి" అంది ఆవిడ.

మర్నాడు అందరికన్నా ముందు క్లాసుకి వెళ్ళి నిలబడింది. పిల్లలు వచ్చి కూర్చున్నారు. ఎలా మొదలుపెట్టాలో తోచలేదు. "మాస్టారు వస్తున్నారు. ఆపరేషను తర్వాత మొదటిసారి. ఆ పాఠం చెప్పడానికి వస్తున్నారు. నేనేమో... అంటే, ఆయనకి తెలియదు..."

ముందు బెంచీ అమ్మాయి అటూ ఇటూ చూసి, క్లాసు తరఫున తీర్పు చెప్పింది. "మాకు అర్థమైంది మేడమ్. ఆ పాఠం మేమెవరమూ వినలేదు."

"విననే వినలేదు" అన్నాయి వెనక బెంచీలు. నవ్వులు. ఆవిడకి ఆ నవ్వు ఎంత తియ్యగా వినపడిందంటే కళ్ళు తిప్పుకోవాల్సి వచ్చింది. ఇరవై ఏళ్ళలో ఏ క్లాసూ ఆవిడ కోసం ఏదీ చేసి ఎరగదు.

మాస్టారు మెట్లు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. అటెండరు ఒక పక్క, కొడుకు ఒక పక్క. ఆవిడ అనుకున్నదాని కన్నా చిన్న మనిషి. ఇస్త్రీ చొక్కా మెడ దగ్గర వదులుగా వేలాడుతోంది. చేతిలో జేబురుమాలు మూట. ఆవిడను చూసి, చూడగానే గుర్తుపట్టి, "కుర్చీ కిర్రుమంటోందా?" అన్నారు. ఆవిడ నవ్వలేక తల ఊపింది. వెళ్ళి చివరి బెంచీ పక్కన, గోడకి ఆనుకుని నిలబడింది.

పాఠం మొదలైంది. పల్చని గొంతే, కానీ గది చివరి దాకా వినపడింది. సుద్దముక్కతో ఒక గీత గీస్తే అది అండాశయం అయింది, ఇంకో గీత పుప్పొడి నాళం అయింది. మధ్యలో రెండుసార్లు బల్ల పట్టుకుని ఆగారు. గింజను గాజుపలక మీద పెట్టి నొక్కారు. చేతులు వణుకుతున్నాయి, అయినా మొదటి నొక్కుకే పిండం జారింది. పిల్లలు "ఓహ్!" అన్నారు. చివరి బెంచీ కుర్రాడొకడు అవసరానికి మించి, "అబ్బ! భలే ఉంది సార్!" అన్నాడు. పక్కవాడు వాడి డొక్కలో పొడిచాడు.

"సరే, వచ్చినవి రెండు. ఒకటి బిడ్డయింది. రెండోది ఏమైంది?"

అరవై తలలు అడ్డంగా ఊగాయి. ముందు బెంచీ అమ్మాయి పెదవి కూడా విరిచింది. ఆయన అందరినీ ఒకసారి కలయజూశారు. చూపు ఎక్కడా ఆగకుండా గది చివర గోడ దాకా వచ్చింది. తర్వాత తానే జవాబు చెప్పారు. చెప్పాల్సినంతా చెప్పారు, ఒక్క మాట తగ్గించలేదు. గంట కొట్టాక బోర్డు కూడా తానే తుడిచారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. గోడ దగ్గర ఆవిడ గుండె కుదుటపడింది.

పిల్లలు వెళ్ళిపోయారు. కొడుకు కారు తేవడానికి దిగాడు. ల్యాబులో ఇద్దరే మిగిలారు. ఆయన స్టూలు మీద కూర్చుని, జేబురుమాలులో మిగిలిన పూలు దులుపుతూ అడిగారు.

"ఎప్పుడు చెప్పారు మేడమ్?"

ఆవిడ బల్ల మీది గాజుపలక తీసి తుడవసాగింది.

"పాపం పిల్లలు బాగానే చేశారు. కానీ ఒక్కరూ కలం ముట్టుకోలేదు. కొత్త పాఠం వినే క్లాసు రాసుకోకుండా ఉండదు కదండీ. బోర్డు మీద రెండో గీత గీసేటప్పటికే తెలిసింది."

"పరీక్షలు ముందుకి జరిపారండి. తప్పలేదు. మూడు వారాలైంది" అంది ఆవిడ. "ఆరోజే చెబుదామనుకున్నాను. మీకు బాగాలేదు. క్షమించండి మాస్టారూ."

"చెప్పడం మంచిపనే. నేనైనా అదే చేసేవాణ్ణి. పాఠం నా ఆస్తేం కాదు." ఆయన కోపంగా లేరు, అదే ఆవిడను భయపెట్టింది. "ఇంట్లో డాక్టరు నుంచి మనవడి దాకా అందరూ నాతో తీపిమాటలే. బాగున్నారు, రంగు తేలారు, వచ్చే నెలకి పరిగెత్తుతారు. ఏది నిజమో నాకు తెలియకుండా పోయింది. సాయంత్రం మీకు ఫోను చేస్తే ఒక్క మాటైనా ఉన్నది ఉన్నట్టు తెలిసేది. నాలుగో పొర దాకా అంటే నాలుగో పొర దాకానే. దానికోసం పొద్దున్నించీ చూసేవాణ్ణి."

"మాస్టారూ..."

"మీరూ నా మంచికే చెప్పారు. అందరూ నా మంచికే చెబుతారు."

కొడుకు వచ్చాడు. ఆయన లేచి, ఆవిడకి నమస్కారం పెట్టి, మెట్ల వైపు నడిచారు. దిగడానికి కూడా చాలాసేపే పట్టింది. ఆ చప్పుడంతా ఆవిడ ల్యాబులో నిలబడి విన్నది. వెంట వెళ్ళి చేయి పట్టుకుని ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఆ సాయంత్రం షట్టరు దిగింది. ఆవిడ తల దువ్వుకుని కూర్చుంది. ఫోను మోగలేదు. అలసిపోయి ఉంటారు, అంత దూరం వచ్చి వెళ్ళారు కదా అనుకుంది. మర్నాడూ మోగలేదు. ఆ మర్నాడు ప్రిన్సిపాల్ పిలిచి, మాస్టారు ముందుగానే రిటైర్మెంటు రాసిచ్చారనీ, కాగితాలు కదిలాయనీ చెప్పి, "ఇంక మీరు ఎవరి లీవులోనూ లేరమ్మా" అని తన హాస్యానికి తానే నవ్వాడు. అటెండరు సొరుగు తాళంచెవి తెచ్చి బల్ల మీద పెట్టాడు. స్టాఫ్ రూములో అందరూ మిఠాయి ఏదీ అని అడిగారు. ఆవిడ నవ్వింది. టీ తెప్పించింది. ఈ కబురు సాయంత్రం చెప్పాలని మనసు అలవాటు కొద్దీ ఒక మూల దాచుకుంది. దాచుకున్నాక గుర్తొచ్చింది.

ఇంటికి వచ్చి ముఖం కడుక్కోలేదు, తల దువ్వుకోలేదు. షట్టరు దిగే దాకా కూడా ఆగలేదు. కింద మిషన్లు తిరుగుతూ ఉండగానే తానే ఫోను చేసింది. ఇన్ని నెలల్లో తాను చేయడం ఇదే మొదలు. ఈసారి ఏదీ దాచకూడదనుకుంది. మూడో మైక్రోస్కోపు మర విరిగిపోయింది. పోస్టు నాకొచ్చింది. మీరు తిరిగి రావడం అనుమానమని విన్న రోజే దాని మీద ఆశపడ్డాను. మీ ఫోను రాకపోతే నాకు తోచడం లేదు. అన్నీ చెప్పేయాలి.

అవతల కోడలు ఎత్తింది. తానెవరో చెప్పగానే ఆ గొంతు మెత్తబడింది.

"మీరా మేడమ్‌గారూ! మామయ్యగారు ఇప్పుడే పడుకున్నారండి. మంచి నిద్రలో ఉన్నారు."

దాని వెనకే, అదే గదిలోంచి, పల్చని గొంతు స్పష్టంగా వినపడింది. "ఆ కిటికీ కొంచెం తెరువమ్మా, గాలి రావడం లేదు."

కోడలు ఫోనుకి చేయి అడ్డం పెట్టుకున్నట్టుంది, ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. మళ్ళీ అదే మెత్తదనంతో, "ఏమైనా చెప్పమంటారా అండీ?" అంది.

"వద్దమ్మా, లేపకండి" అంది లీవు మేడమ్. "పడుకోనివ్వండి, నిద్ర మంచిదే."